గీత చెప్పే లెక్క: రేఖీయ సమీకరణాలు, వాటి గ్రాఫులు

ఈ సంచికలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకూ, పై చదువుల్లో కొత్తగా చేరినవారికీ పనికివచ్చే పాఠం ఒకటి రాయమని సంపాదకులు అడిగారు. నేను గణితం మాస్టారిని కాను. బి.కాం. చదివి, ఉద్యోగ జీవితమంతా బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని లెడ్జర్లు రాసినవాణ్ణి. అందుచేత నా చేతికి అలవాటైన లెక్కనే ఎంచుకున్నాను. తెలుగు పుస్తకాలలో దాని పేరు రేఖీయ సమీకరణం. తమిళ మాధ్యమంలో చదివే మన పిల్లలు దాన్నే నేరియల్ సమన్బాడు అంటారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం లేక ఇంగ్లీషు అయినవారు పదాల దగ్గర తికమకపడకుండా అవసరమైన చోట రెండు పేర్లూ చెబుతాను.

మన రాష్ట్రంలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలో గ్రాఫు ప్రశ్నకు 8 మార్కులు. గ్రాఫంటే చేతిలో ఉన్న మార్కులని పిల్లలందరికీ తెలుసు. పట్టిక వేస్తారు, చుక్కలు పెడతారు, స్కేలు ఆనించి గీత గీస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. సంతోషమే. అయితే అదే పిల్లవాణ్ణి పిలిచి, "ఈ గీత ఏం చెబుతోంది నాయనా?" అని అడిగితే తెల్లబోతాడు. గీయడం వచ్చింది గాని చదవడం రాలేదు. రేపు అతని పేరు మీద విద్యా రుణం తీసుకున్నప్పుడు బ్యాంకు ఇచ్చే కాగితం కూడా ఇలాంటి గీతే. అది చదవలేకపోతే పోయేది మార్కులు కాదు, డబ్బు.

రెండు భాగాల లెక్క

చెట్టికరైలో ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల 2013లో మొదలైంది. అలాంటి కళాశాలకు పొరుగూరి నుంచి వచ్చి, గది అద్దెకు తీసుకుని ఉండే ఒక విద్యార్థి భోజనం లెక్క చూద్దాం. ఒక మెస్సువారు నెలకు 1,000 రూపాయలు ముందుగా కట్టించుకుని, ఆపైన భోజనానికి 30 రూపాయల చొప్పున తీసుకుంటారనుకోండి. (అంకెలు లెక్క కోసం నేను వేసినవి, ఏ మెస్సు ధరలూ కావు.)

ఒక్క భోజనం చేయకపోయినా 1,000 పోయినట్టే. పది భోజనాలు చేస్తే 1,300. ఇరవై చేస్తే 1,600. ముప్పై చేస్తే 1,900. ఇందులో రెండు భాగాలున్నాయి. ఒకటి కదలనిది, మొదటే ఉన్న 1,000. రెండవది భోజనాల లెక్కను బట్టి పెరిగేది. భోజనాల సంఖ్యను ఎక్స్ అనీ, మొత్తం ఖర్చును వై అనీ పిలిస్తే:

వై = 30 ఎక్స్ + 1,000

రేఖీయ సమీకరణమంటే ఇంతే. పుస్తకంలో వై = ఎం ఎక్స్ + సి అని ఉంటుంది. సి అంటే మొదట ఉన్నది, ఎం అంటే ఒక్కొక్క అడుగుకు చేరేది. బ్యాంకు భాషలో చెప్పాలంటే సి ప్రారంభ నిల్వ, ఎం ప్రతి ఎంట్రీకి చేరే మొత్తం. ఎక్స్, వై మారుతూ ఉండేవి కనుక చలరాశులు. 30, 1,000 మారనివి కనుక స్థిరరాశులు.

ఇది గీస్తే సరళరేఖే ఎందుకు వస్తుంది, వంకర గీత ఎందుకు రాదు? ఈ ప్రశ్న అడిగే పిల్లలు తక్కువ. అడిగినవారికి మీ ఇంటి మెట్లు చూపించవచ్చు. ప్రతి మెట్టు వెడల్పూ ఒకటే, ప్రతి మెట్టు ఎత్తూ ఒకటే అయితే, మెట్ల అంచుల మీదుగా ఒక పొడవాటి కర్ర పడుకోబెడితే అన్ని అంచులకూ తాకుతుంది. ఒక మెట్టు ఎత్తు మారిందా, కర్ర లేచిపోతుంది. మన లెక్కలో ప్రతి భోజనానికీ సరిగ్గా 30 చేరుతోంది. మొదటి భోజనానికి 30, ఇరవయ్యోదానికి 45 అయితే కర్ర ఆనదు, గీత వంగుతుంది. సమాన అడుగుకు సమాన పెరుగుదల ఉన్నచోట మాత్రమే సరళరేఖ వస్తుంది.

ఆ మెట్టు ఎత్తునే వాలు అంటారు, తమిళంలో సాయ్వు. రెండు చుక్కలు తీసుకుని, వై ఎంత పెరిగిందో దాన్ని, ఎక్స్ ఎంత పెరిగిందో దానితో భాగిస్తే వాలు వస్తుంది. 10 భోజనాల నుంచి 30 భోజనాలకు వెళితే ఖర్చు 1,300 నుంచి 1,900కు పెరిగింది. 600ను 20తో భాగిస్తే 30. ఏ రెండు చుక్కలు తీసుకున్నా అదే జవాబు రావాలి. రాలేదంటే చుక్క తప్పయినా పెట్టి ఉండాలి, లేదా అది సరళరేఖే కాకపోవాలి.

గీసేటప్పుడు

సరళరేఖకు రెండు చుక్కలు చాలు. అయినా మూడు పెట్టండి. మూడోది లెక్కలో భాగం కాదు, అది కాపలాదారు. మూడూ ఒకే వరసలో పడితే పట్టిక సరిగ్గా ఉన్నట్టు, ఒకటి పక్కకు జరిగితే కూడికలో ఎక్కడో పొరపాటు జరిగినట్టు. మేము రోజు చివర క్యాషు సరిచూసుకున్నట్టే ఇది కూడా.

స్కేలు ఎంచుకోవడమే అసలు మెలకువ. మన లెక్కలో అడ్డంగా ఎక్స్ అక్షం మీద 1 సెం.మీ. = 10 భోజనాలు, నిలువుగా వై అక్షం మీద 1 సెం.మీ. = 500 రూపాయలు అని తీసుకుంటే కాగితంలో హాయిగా ఇమిడిపోతుంది. రెండు అక్షాలకూ ఒకే స్కేలు ఉండనక్కరలేదు. కాని ఒక అక్షం మీద మొదటి గడికి 500, తరువాతి గడికి 1,000 అని మధ్యలో మార్చకూడదు. అలా మారిస్తే మెట్ల ఎత్తు మార్చినట్టే, నిజమైన సరళరేఖ కూడా వంకరగా కనిపిస్తుంది. స్కేలు ఎంతో కాగితం పై మూలన రాయడం మరచిపోవద్దు. నిరూపకాలు రాసేటప్పుడు ఎక్స్ ముందు, వై తరువాత. (10, 1,300) అంటే పది భోజనాలకు పదమూడు వందలు. తిరగేస్తే పదమూడు వందల భోజనాలకు పది రూపాయలవుతుంది. అలాంటి మెస్సు దొరికితే నాకూ చెప్పండి.

గీత వై అక్షాన్ని తాకే చోటు చూడండి. అది 1,000 దగ్గర ఉంటుంది, మూలబిందువు దగ్గర కాదు. దీన్ని వై-అంతరఖండం అంటారు. గీత మూలబిందువు గుండా వెళితే మొదట ఏమీ లేదని అర్థం. కిలో లెక్కన కూరగాయలు కొనడం అలాంటిదే: సున్నా కిలోలకు సున్నా రూపాయలు, ఎన్ని రెట్లు కొంటే అన్ని రెట్లు ధర. మీ పదో తరగతి పుస్తకంలో నేర్ మాఱుబాడు, అంటే అనులోమ మార్పు, అని ఉన్నది ఇదే. మెస్సు లెక్క అనులోమం కాదు. 10 భోజనాలకు 1,300 అయితే 20 భోజనాలకు 2,600 అని లెక్క కట్టేవాళ్ళు పెద్దవాళ్ళలో కూడా ఉన్నారు. వెయ్యి రూపాయల ముందు కట్టుబడిని రెండుసార్లు కట్టడమన్నమాట.

ఇంకొక సంగతి. పదిన్నర భోజనాలుండవు. కనుక నిజానికి మన గ్రాఫులో విడివిడి చుక్కలే ఉండాలి. చూపుకు సులువని కలుపుతాం. గీత మీద ఉన్న ప్రతి చుక్కకూ లోకంలో అర్థముండదని మాత్రం గుర్తుంచుకోవాలి.

రెండు గీతలు కలిసే చోటు

పక్క వీధిలో ఇంకొక మెస్సు ఉంది. ముందు కట్టేదేమీ లేదు, భోజనానికి 50 రూపాయలు. దాని సమీకరణం వై = 50 ఎక్స్. అదే కాగితం మీద ఈ గీత కూడా గీయండి. ఇది మూలబిందువు దగ్గర బయలుదేరుతుంది, కాని వాలు ఎక్కువ కనుక నిటారుగా లేస్తుంది. మొదటి గీత 1,000 దగ్గర బయలుదేరి నెమ్మదిగా ఎక్కుతుంది. రెండూ (50, 2,500) దగ్గర కలుస్తాయి.

కలిసే చోటుకు ఎడమ పక్కన రెండవ మెస్సు గీత కింద ఉంది, అంటే చవక. కుడి పక్కన మొదటి మెస్సు చవక. నెలలో సగం రోజులు ఇంటికి వెళ్ళిపోయే పిల్లవాడికి రెండవది మంచిది, రోజుకు రెండు పూటలా నెలంతా తినేవాడికి మొదటిది మంచిది. "ఏ మెస్సు చవక?" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. మీరు ఎక్స్ అక్షం మీద ఎక్కడ నిలబడ్డారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఫోను ప్లాను తీసుకోవడమైనా, అద్దె కారు మాట్లాడుకోవడమైనా ఇదే లెక్క. రెండు మెస్సులూ భోజనానికి 30 చొప్పునే తీసుకుని, ముందు కట్టుబడి మాత్రం వేరైతే ఆ గీతలు ఎన్నడూ కలవవు. అవి సమాంతర రేఖలు, అప్పుడు ఆలోచించే పని లేదు.

ఇలాంటి జంట సమీకరణాలు మనకు విదేశాల నుంచి వచ్చినవని అనుకోకండి. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యులు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశారు. ఆ గ్రంథాన్ని పదకొండవ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చారు. గణితంలో తెలుగువారి తొలి గ్రంథంగా మనం చెప్పుకునేది అదే. సంస్కృత మూలాన్ని 1912లో ప్రొఫెసర్ ఎం. రంగాచార్య ఇంగ్లీషు అనువాదంతో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది.

అందులో ఒక లెక్క ఉంది. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి ధర 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిపి ధర 101. ఒక్కొక్కదాని ధర ఎంత? రెండూ కలపండి: 16 మాదీఫలాలు, 16 వెలగపండ్లు 208. అంటే ఒకటీ ఒకటీ కలిస్తే 13. ఇప్పుడు మొదటి దానిలోంచి రెండవది తీసేయండి: రెండు మాదీఫలాల ధర రెండు వెలగపండ్ల ధర కన్నా 6 ఎక్కువ, అంటే ఒక్కొక్కదానికి తేడా 3. మొత్తం 13, తేడా 3 అంటే మాదీఫలం 8, వెలగపండు 5. పెన్ను పట్టకుండానే నోటితో తేలిపోయే లెక్క.

ఇప్పుడు దీన్నే గ్రాఫుగా చూద్దాం. మాదీఫలం ధర ఎక్స్, వెలగపండు ధర వై. మొదటి సమీకరణం 9 ఎక్స్ + 7 వై = 107. దాని మీద (1, 14), (8, 5) అనే చుక్కలున్నాయి. మాదీఫలం ధర 7 పెరిగితే వెలగపండు ధర 9 తగ్గింది. మొత్తం 107కే కట్టుబడి ఉండాలి కనుక ఒకటి పెరిగితే ఒకటి తగ్గక తప్పదు. గీత కిందికి దిగుతుంది. రుణ వాలు అంటే ఇదే. రెండవ సమీకరణం 7 ఎక్స్ + 9 వై = 101. దాని మీద (–1, 12), (8, 5) ఉన్నాయి. రూపాయి ఎదురిచ్చి పండు అమ్మేవాడు సంతలో ఉండడు గాని, గీత గీయడానికి –1 కూడా పనికొస్తుంది. రెండు గీతలూ (8, 5) దగ్గర ఒకదాన్నొకటి కోసుకుంటాయి.

ఒక్క సమీకరణమే ఇచ్చి ఉంటే గీత మీద ఉన్న ఏ చుక్కైనా జవాబే. రెండవ సమీకరణం వచ్చి ఆ గీతను ఒక్క చోట కోసింది. రెండు తెలియని రాశులకు రెండు సమీకరణాలు ఎందుకు కావాలో బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కనివారికి ఈ బొమ్మ చూపితే ఎక్కుతుంది. మహావీరాచార్యుల కాలానికి ఈ బొమ్మ లేదు. సంఖ్యల జంటను చుక్కగా, సమీకరణాన్ని గీతగా చూసే పద్ధతికి దారి వేసిన ఫ్రాన్సు దేశస్థుడు రెనే డెకార్ట్ పుస్తకం 1637లో వచ్చింది.

విద్యా రుణం గీత

ఇక నా కౌంటరు దగ్గరి లెక్క. బ్యాంకుల సంఘం 2001లో తెచ్చిన నమూనా విద్యా రుణ పథకం ప్రకారం చదువుకునే కాలంలోనూ, ఆపైన తిరిగి చెల్లింపు మొదలయ్యే వరకూ బారువడ్డీ వేస్తారు, చక్రవడ్డీ కాదు. బారువడ్డీ అంటే నెలనెలా సమానంగా చేరేది. మన మెట్ల లెక్కే.

నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌కు ఏడాదికి 40,000 చొప్పున నాలుగు విడతలుగా రుణం తీసుకున్నారనుకుందాం. వడ్డీ 9 శాతం అనుకుందాం. 40,000కు ఏడాదికి 3,600, నెలకు 300. మొదటి ఏడాది గీత వై = 300 ఎక్స్ + 40,000. పన్నెండు నెలలకు 43,600. రెండో ఏడాది మొదట్లో ఇంకో 40,000 తీసుకున్నారు. గీత ఒక్కసారిగా 83,600కు ఎగిరింది. అంతే కాదు, ఇప్పుడు వాలు 600. ఏడాది చివరకు 90,800. మూడో విడతతో 1,30,800, వాలు 900, చివరకు 1,41,600. నాలుగో విడతతో 1,81,600, వాలు 1,200, చదువు ముగిసేటప్పటికి 1,96,000. ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే ఒక ఏడాది గడువులో కొత్త రుణం లేదు గాని వాలు అదే 1,200. అరవయ్యో నెలకు 2,10,400. తీసుకున్నది 1,60,000, వడ్డీ 50,400.

దీన్ని గ్రాఫు కాగితం మీద గీయండి. ఒకే గీత రాదు, ప్రతి ఏడాదికీ మరింత నిటారుగా లేచే ముక్కలు వస్తాయి. ఒక తండ్రి కౌంటరు దగ్గరకు వచ్చి, "మొదటి ఏడాది మూడు వేల ఆరు వందలు వేశారు, రెండో ఏడాది ఏడు వేల రెండు వందలు వేశారు. వడ్డీ మీద వడ్డీ కట్టారా సారూ?" అని గట్టిగానే అడిగాడు. ఆయన అనుమానం న్యాయమైనదే. చలానా వెనకవైపు ఈ గీత గీసి చూపించాను. వడ్డీ మీద వడ్డీ కాదు, రెండో విడత వచ్చి వాలు రెట్టింపైంది. వడ్డీ మీద వడ్డీ వేసి ఉంటే ముక్కలోనే గీత పైకి వంగేది. చూడగానే ఆయనకు అర్థమైంది. ఆయన బడి చదువు అయిదో తరగతి.

చదువుకునే కాలంలోనే నెలనెలా వడ్డీ కట్టేస్తూ పోతే ఏమవుతుంది? మొదటి ఏడాది నెలకు 300 కడితే గీత 40,000 దగ్గర చాప పరచినట్టు అడ్డంగా ఉండిపోతుంది, వాలు సున్నా. విడత వచ్చినప్పుడు మాత్రమే మెట్టు ఎక్కుతుంది. చివరకు 1,60,000 దగ్గర ఆగుతుంది. అలా కట్టేవారికి వడ్డీలో ఒక శాతం తగ్గింపు ఇవ్వవచ్చని కూడా ఆ నమూనా పథకంలో ఉంది, మీ శాఖలో అడిగి చూడండి. తల్లిదండ్రుల వార్షికాదాయం 4.5 లక్షల లోపు ఉండి వృత్తి, సాంకేతిక కోర్సులు చదివేవారికి ఆ కాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరించే పథకం 2009లో మొదలైంది. దాని నిబంధనలు మారుతూ వచ్చాయి, కళాశాల గుర్తింపు షరతు కూడా ఉంది. కనుక చేరకముందే విచారించాలి. ఆ పథకం వర్తిస్తే మీ గీత కూడా అడ్డంగానే ఉంటుంది. యాభై వేల రూపాయల తేడా అది.

సరళరేఖ కానిచోట సరళరేఖ

బండి కొనుక్కునేటప్పుడు కొందరు ఫైనాన్సువారు "ఫ్లాట్ 10 శాతమే" అంటారు. లక్ష రూపాయలు, రెండేళ్ళు. ఏడాదికి 10,000 చొప్పున వడ్డీ 20,000. మొత్తం 1,20,000ను 24 నెలలతో భాగిస్తే నెలకు 5,000. ఎంత శుభ్రమైన లెక్క! వడ్డీ సరళరేఖగానే పెరుగుతోంది. కాని మీ దగ్గర రెండేళ్ళూ లక్ష రూపాయలు ఉన్నాయా? ప్రతి నెలా అసలులో కొంత తిరిగి ఇచ్చేస్తూనే ఉన్నారు గదా. చివరి నెలల్లో మీ చేతిలో వారి డబ్బు అయిదు పది వేలు కూడా ఉండదు, అయినా వడ్డీ మాత్రం లక్షకే పడుతోంది.

తగ్గుతున్న బాకీ మీద న్యాయంగా లెక్క కడితే, నెలకు 5,000 కట్టించుకునే ఈ రుణానికి అసలు వడ్డీ రేటు 18 శాతానికి పైనే. మొదటి నెల కట్టిన 5,000లో సుమారు 1,500 వడ్డీకి పోయి 3,500 అసలు తీరుతుంది. చివరి నెలలో వడ్డీ నూరు రూపాయలు కూడా ఉండదు, దాదాపు అంతా అసలుకే. మెట్ల ఎత్తు ప్రతి నెలా మారుతోంది కనుక మిగిలిన బాకీ గ్రాఫు సరళరేఖ కాదు, మొదట మెల్లగా దిగి చివర వేగంగా దిగే వంపు గీత. వంపు ఉండవలసిన చోట ఎవరైనా సరళరేఖ చూపిస్తే, ఆ రెండింటి మధ్య తేడా ఎవరి జేబులోకి పోతోందో అడగండి.

చివరగా ఇంట్లో చేసి చూడడానికి ఒక లెక్క. ఒకే విడతగా తీసుకున్న ఒక విద్యా రుణం మీద బారువడ్డీ పడుతోంది, మధ్యలో ఏమీ కట్టలేదు. 10వ నెల చివర బాకీ 54,500. 22వ నెల చివర బాకీ 59,900. ఈ రెండు చుక్కలను గ్రాఫు మీద పెట్టి గీత గీయండి. తీసుకున్న అసలు ఎంతో గీత వై అక్షాన్ని తాకే చోట చదవండి. వాలును బట్టి నెల వడ్డీ కట్టండి, దాన్నుంచి ఏడాది వడ్డీ శాతం కనుక్కోండి. జవాబు వచ్చే సంచికలో ఇస్తాను. గ్రాఫు కాగితం మీద గీసి పంపినవారి గీతలను నేనే స్వయంగా చూస్తాను.